అయిదో బెడ్డు

మా అక్క జీవమ్మ కూర్చోగా చూసినవాళ్ళు ఆళ్లగడ్డలో లేరు. ఆసుపత్రిలో నర్సుగా చేరి ఇరవయ్యేళ్ళు దాటింది గానీ, నర్సుల గదిలో ఆమె కుర్చీ మీద ఎప్పుడూ వేరేవాళ్ళ సంచులే ఉంటాయి. అన్నం నిలబడే తింటుంది. చర్చిలో ప్రసంగం నడుస్తుంటే వెనక గోడకు ఆనుకొని నిలబడి, ఏ చంటిబిడ్డ ఏడిచినా ఎత్తుకొని బయటికి పోయే సాకు దొరికిందని సంబరపడుతుంది. పెళ్ళిచూపులకు వచ్చినవాళ్ళ ముందు చాప మీద కూర్చోబెడితే, కాఫీలు చల్లారకముందే లేచి బర్రెకు నీళ్ళు పెట్టడానికి పోయింది. రెండోసారీ అంతే. మూడోసారికి బర్రెను అమ్మేశాం. అయినా లేచిపోయింది. ఆ తర్వాత మా నాయన ఆ ప్రయత్నమే మానుకున్నాడు.

నేను ఆమె తమ్ముణ్ణి. పేరు శాంసన్. బైబిల్లో ఆ పేరున్నాయన సింహాన్ని చీల్చాడు. నేను బియ్యం సంచి మేడ మీదికి మోస్తే మధ్యలో రెండుసార్లు ఆగుతాను. నంద్యాలలో ఒక హైస్కూల్లో సోషల్ చెబుతాను. హిమాలయాలను పటం మీద బెత్తంతో చూపిస్తూ ఇన్నేళ్ళు నెట్టుకొచ్చాను గానీ, మంచు అంటే నాకు తెలిసింది ఫ్రిజ్‌లో పేరుకుంటే మంజుల గీకి పారేసేదే. మంజుల నా భార్య. నాకు కూర్చోవడం ఇష్టం. కూర్చునే ఉద్యోగం కోసమే నేను చదువుకున్నానని అక్క అంటుంది. కాదని అనలేను.

మా ఇంట్లో ఎవరికి ఏది కావాలన్నా అక్క దగ్గరికే పోతాం. జ్వరానికి మాత్ర దగ్గర్నించి, పిల్లల కాలేజీ సీటు దాకా అన్నిటికీ ఆమే. ఆమెకేం కావాలని అడిగితే మాత్రం, నాకేం తక్కువరా అంటుంది. క్రిస్మస్‌కు చీర కొనిపోతే, వారం తిరక్కుండానే అది ఆసుపత్రి ఆయమ్మ ఒంటి మీద కనిపిస్తుంది. ఒకసారి మంచి వాచీ కొనిచ్చాను. రెండోరోజు దాన్ని పెట్టుకొని వాచ్‌మన్ నాకే టైము చెప్పాడు. నవ్వొచ్చే సంగతే గానీ, లోపల కాస్త మండేది కూడా. ఆమెకు ఏదైనా ఒకటి ఇచ్చి, అది ఆమె దగ్గరే ఉండిపోవడం చూడాలని నాకు ఎప్పట్నించో ఉంది.

డ్యూటీ దిగాక అక్క ఇంటికి పోయే దారి పట్టదు. అహోబిలం బస్సెక్కుతుంది. దిగువ నుంచి ఎగువకు, ఎగువ దాటి రాళ్ళు పట్టుకొని ఇంకా పైకి. క్రైస్తవురాలు వారం వారం అహోబిలం పోతోందని సంఘంలో గుసగుసలు మొదలయ్యాయి. మా పాస్టరు దేవదానం గారు మెత్తని మనిషి. ఆరాధన అయ్యాక పక్కకు పిలిచి నెమ్మదిగా అడిగారు. గుడికి పోలేదు అయ్యగారూ, గుడి దాటి పోయినా అని చెప్పి, ఆయన మోకాలి నొప్పికి ఒక మాత్ర పేరు కూడా చెప్పి వచ్చింది. ఆయన మళ్ళీ అడగలేదు.

శివరాత్రికి ఆత్మకూరు పక్క నుంచి నల్లమల అడవిలో పడి శ్రీశైలం నడిచిపోయే భక్తుల కోసం వైద్య శిబిరం పెడతారు. ఒక ఏడాది అక్కను అక్కడ టేబులు వెనక కూర్చోమని వేశారు. ఆమె దూది, కట్టుగుడ్డలు సంచిలో వేసుకొని జనంతో పాటే నడిచిపోయింది. బొబ్బలు నడిచేవాళ్ళ కాళ్ళకు వస్తాయి, టేబులు కాడికి రావు అని పై అధికారికి చెప్పిందట. సంజాయిషీ అడిగారు, ఇచ్చింది. మరుసటేడు మళ్ళీ అదే పని చేసింది.

ఆసుపత్రికి కొత్తగా వచ్చిన డాక్టరు అర్చన గారు ఒకరోజు ఫోనులో ఒక వీడియో చూపించారు. ఉత్తరాఖండ్‌లో ఒక పొడవాటి కొండ గట్టు, దాని మీద వరసగా అయిదు శిఖరాలు, అంతా మంచు. ఒకరి వెనక ఒకరుగా మనుషులు ఒక శిఖరం మీంచి ఇంకో శిఖరానికి నడిచి పోతున్నారు. అక్క ఆ వీడియో ఎన్నిసార్లు వేయించుకుందో తెలీదు. ఆ సాయంత్రం నాకు ఫోన్ చేసింది.

"మన కాడ ఒక కొండ ఎక్కితే దిగాల, దిగినాక ఇంకోటి ఎక్కాల. ఈడ దిగే పనే ల్యా శాంసన్. ఎక్కినోళ్ళు ఎక్కినట్టే పోతాండారు."

ఆ గొంతు నాకు కొత్త. చిన్నపిల్ల జాతరలో ఏదో చూసి కావాలన్నట్టు ఉంది. మా అక్క ఏదైనా కావాలనుకోవడం నేను వినడం అదే మొదటిసారి.

మొదటిసారి సామాను సర్దుకొని కర్నూల్లో రైలెక్కింది. రైలు గద్వాల చేరకముందే మంజుల నుంచి ఫోను. నాకు డెంగీ, ప్లేట్‌లెట్లు పడిపోతున్నాయి. అక్క గద్వాలలో దిగి, ఎదురొచ్చిన బండెక్కి, కొండకు కొన్న బూట్లతోనే వచ్చి నంద్యాలలో నా మంచం పక్కన నిలబడింది. నేను కళ్ళు తెరిచి తల తిప్పితే ముందు ఆ బూట్లే కనిపించాయి. రెండోసారి మూడేళ్ళ తర్వాత. ఆ నెలలోనే మంజులకు గర్భసంచి ఆపరేషన్ పడింది. అక్క చెప్పాపెట్టకుండా టికెట్టు రద్దు చేసుకొని మా ఇంట్లో దిగింది. టికెట్టు సంగతి మాకు చాలా రోజులకు గానీ తెలీలేదు, అదీ అర్చన గారు చెబితేనే.

అప్పుడు నేను ఒట్టు పెట్టుకున్నాను. మా మూలంగా అక్క ఇంకోసారి వెనక్కి తిరగకూడదు. అక్కకు యాభై దాటాయి, మోకాళ్ళు ఎంతకాలం వింటాయో తెలీదు. ఆ అయిదు శిఖరాలూ ఆమె ఎక్కి తీరాలి. ఈ మార్చికి మళ్ళీ టికెట్టు కొనుక్కుంటుంటే నేనూ వస్తానన్నాను. తోడుకని చెప్పాను గానీ, నిజానికి కాపలాకు. ఇంటి నుంచి ఏ కబురైనా నా ఫోనుకే రావాలి, నా జేబు దాటి పోకూడదు అని మంజులకు గట్టిగా చెప్పిపెట్టాను. ఇల్లు కాలిపోయినా మేం దిగొచ్చాక చెప్పమన్నాను. మంజుల నన్ను ఎగాదిగా చూసి, ముందు నువ్వు మెట్లెక్కడం నేర్చుకో అంది.

నేర్చుకున్నాను. రెండు నెలలు ప్రతి ఆదివారం మధ్యాహ్నం అక్క నన్ను అహోబిలం కొండల్లో తిప్పింది. నా వీపు మీద స్కూలు బ్యాగు, అందులో పదికిలోల బియ్యం. నేను ఆగిన చోటల్లా ఆమె ఆగేది కాదు. పైకి పోయి, అక్కడేముందో చూసి, వెనక్కి దిగొచ్చి నాకు చెప్పి, మళ్ళీ పోయేది. ఆ లెక్కన నేను ఎక్కిన ప్రతి కొండా ఆమె రెండుసార్లు ఎక్కింది.

ఢిల్లీ, రిషికేశ్, అక్కణ్ణుంచి ఎముకలు కదిలిపోయే జీపు ప్రయాణం, ఆ తర్వాత నడక. మాతో పుణె నుంచి వచ్చిన కుర్రాళ్ళు నలుగురు, ఒక గైడు, ఆయనకు ఇద్దరు సహాయకులు. మా నంద్యాల ఉర్దూనే అక్కకు హిందీ. అవునుకు 'హౌ', వద్దుకు 'నక్కో' అని ఆమె ఒక మాటకు ఒక మాట తెంపి చెబుతుంటే గైడు మొదట్లో బిత్తరపోయాడు, రెండోరోజుకు తనూ నక్కో అనడం మొదలుపెట్టాడు. అందరం గుడారం బయట కూర్చొని టీ తాగుతుంటే ఆమె మాత్రం గ్లాసు పట్టుకొని మా చుట్టూ తిరిగేది. పుణె కుర్రాళ్ళలో ఒకడికి తల తిరిగి, దయచేసి ఒకచోట నిలబడండి ఆంటీ అని బతిమాలుకున్నాడు.

ఆ శిఖరాల పేర్లు మాకు నోరు తిరగలేదు. అక్క వాటికి బెడ్డు నంబర్లు ఇచ్చింది. ఆసుపత్రిలో అలవాటు. కింద గుడారం దగ్గర నిలబడి చూస్తే అయిదూ కనిపించేవి. ఒకటో బెడ్డు నెమ్మది మనిషి, మాట వింటుంది. రెండోది లావు. మూడోది మొండిది, దాన్ని బతిమాలాల. నాలుగోది సన్నం, పట్టి నడిపించాల. అయిదోది చివర గోడ పక్కన ముసుగు తన్ని పడుకుంది. రేపు పొద్దున్నే రౌండ్స్ అని నవ్వింది. నాకు మాత్రం ఆ అయిదోదాని మీదే చూపంతా. దాని మీద మా అక్క నిలబడి ఉండగా ఫోటో తీయాలి. ఆ ఫోటోను ఎవరికీ దానం ఇవ్వలేదు కదా.

తెల్లవారుజామున బయల్దేరాం. మంచు గట్టిగా, కాలు వేస్తే కరకరమంటూ ఉంది. బూట్లకు ముళ్ళు తొడిగించారు. రబ్బరు పట్టీ, దాని కింద గొలుసులు, గొలుసులకు ఇనుప పళ్ళు. అవి మంచులో దిగబడి కాలు జారకుండా పట్టుకుంటాయి. ఎండెక్కితే మంచు మెత్తబడి పళ్ళ మధ్య ముద్దలు కడుతుంది, అప్పుడు కర్రతో బూటు పక్కన తట్టండి, ఏమైనా సరే ముళ్ళు విప్పొద్దు అని గైడు చెప్పాడు. రెండుసార్లు చెప్పాడు. అక్క హౌ అంది.

ఒకటో బెడ్డు నిజంగానే మాట వింది. దాని మీదికి చేరేసరికి ఎండ మా ముఖాల మీద పడింది. ఇటు చూస్తే లోయ, అటు చూస్తే లోయ, మధ్యలో మేం నడిచే గట్టు. నేను ఇన్నేళ్ళు బెత్తంతో చూపించిన గీత మీద నేనే నిలబడి ఉన్నాననిపించింది. అక్క ఆగలేదు. అందరూ ఫోటోలు తీసుకుంటుంటే ఆమె రెండోదాని వైపు తిరిగి నిలబడి, పోదాం పోదాం అని కర్రతో మంచును పొడుస్తూ ఉంది. రెండోది ఎక్కేసరికి నా ఊపిరి నాకే వినిపిస్తోంది. ఎండ పెరిగింది. రెండోది దిగి మూడోదాని వైపు పోయే వాలులో మంచు తడిసి, బూట్ల కింద ముద్దలు కట్టసాగింది.

సంజామల పక్క పల్లెలో పుట్టినవాళ్ళం మేం. అంతా నల్లరేగడి. వానపడ్డ రేగట్లో నాలుగడుగులు వేస్తే చెప్పు కింద మన్ను ఇటుకంత అవుతుంది, కాలు లేవదు. దాన్ని తట్టేదీ లేదు, గీకేదీ లేదు. చెప్పులు విప్పి రెండు వేళ్ళకు తగిలించుకొని నడిచిపోవడమే. బడికి అట్లాగే పోయాం, పెళ్ళిళ్ళకు అట్లాగే పోయాం. చెప్పులు చేతికి రావాలని ఎవరూ ఆలోచించి చేయరు. కాలు బరువెక్కితే నడుము దానంతటదే వంగుతుంది.

అక్క నడుము వంగింది. ఒంటికాలి మీద నిలబడి ఒక బూటు ముళ్ళు లాగేసింది, తర్వాత రెండోవి. రెంటినీ ఎడమచేతి వేళ్ళకు తగిలించుకొని నడిచింది. గైడు ముందర మెట్లు చెక్కుతూ ఉన్నాడు, చూడలేదు. నేను వెనకనే ఉన్నాను, చూస్తూనే ఉన్నాను, నాకు అందులో తప్పేమీ కనిపించలేదు. ఇంకా చెప్పాలంటే నేనూ విప్పుదామని వంగాను. పొట్ట అడ్డమొచ్చి ఆలస్యమైంది.

పది అడుగులు తేలిగ్గా పోయింది. పదకొండో అడుగుకు కాలు ముందుకు పోయి మనిషి వెనక్కి కూలబడింది. కర్ర గుచ్చుకొని అక్కడే ఆగింది గానీ, చేతిలో ముళ్ళల్లో ఒకటి ఎగిరిపోయింది. ఉత్తరం పక్క వాలులో పడి, తళుక్కు తళుక్కుమంటూ చాలాసేపు జారి, ఇక కనిపించలేదు. అక్క దాని వంక చూస్తూ కూర్చుంది. నేను ఆమెను అంతసేపు కూర్చోగా చూడటం అదే మొదటిసారి.

గైడు వెనక్కి వచ్చి తిట్టలేదు. తిడితే బాగుండేది. ఒక జత అదనంగా తెచ్చాడు గానీ, అది పొద్దున్నే పుణె కుర్రాడికి పోయింది, వాడివి తెగిపోతే. మూడుకూ నాలుగుకూ నడుమ గట్టు సన్నం, ముళ్ళు లేనివాళ్ళను తీసుకుపోనని చెప్పాడు. ఇక్కణ్ణుంచి కిందికి ఒక వాలు దారి ఉంది, కొసన గొర్రెల కాపరుల రాతి గుడిసె ఉంది. ఒక సహాయకుడు నడుముకు తాడు కట్టి అమ్మను దించుతాడు, మిగతావాళ్ళం పోదాం, ఆలస్యమైతే మబ్బు పడుతుంది అన్నాడు.

అక్క ముఖం తెల్లగా అయింది. మూడోసారి కూడా పోయింది అని ఆమె అనుకుంటున్నట్టు నాకు తెలుస్తూనే ఉంది. నాకు ఏడుపొచ్చింది.

"నావి తీసుకో అక్కా," అన్నాను. "నేను దిగిపోతా."

గైడును అడిగాను. ఎవరైనా ఒకటే, ముళ్ళు లేని మనిషి ఒకరు దిగాలి, అంతే అన్నాడు. అక్క వద్దంటుందని నాకు తెలుసు. దానికి నా దగ్గర జవాబులు సిద్ధంగా ఉన్నాయి. నాకు చాతకావడం లేదు, ఊపిరాడటం లేదు, ఎలాగూ దిగేవాణ్ణే అని చెప్పాలని వరసగా పెట్టుకున్నాను. ఆమె కింది వాలు చూసింది. మూడో శిఖరం చూసింది. తర్వాత నా ముఖం చూసింది.

"ఇయ్యి," అంది.

జవాబులన్నీ నోట్లోనే ఉండిపోయాయి. నేను భయపడ్డ మాట నిజం. ఆ వాలులో ఒట్టి బూట్లతో దిగాలి కదా. దానికంటే ముందే సంతోషం తన్నుకొచ్చిన మాట కూడా నిజం. యాభై ఏళ్ళలో మొదటిసారి మా అక్క నా దగ్గర చెయ్యి చాపి ఒకటి అడిగింది. నేనే వంగి, ఈసారి పొట్టను లెక్కచేయకుండా, విప్పి ఇచ్చాను. ఆమె తొడుక్కొని, పట్టీలు లాగి చూసుకొని, లేచి పోయింది. ఒక్కసారి కూడా వెనక్కి తిరిగి చూడలేదు. ఆ చూడకపోవడం నాకు ఎంత బాగుందో చెప్పలేను.

నా దిగడం గురించి గొప్పగా చెప్పేదేమీ లేదు. సహాయకుడు పైన తాడు పట్టుకుంటే నేను వెనక్కి తిరిగి, వాలుకు ముఖం ఆనించి, ఒక్కో కాలు వెతుక్కుంటూ దిగాను. నాకు వచ్చిన కీర్తనలన్నీ అయిపోయాయి, మళ్ళీ మొదట్నించి పాడాను. సగం దారిలో కాలు పట్టు తప్పింది. బోర్లా పడి చాలా దూరం జారాను. తాడు బిగిసి నడుము కోసుకుపోయేట్టు లాగింది, ఒక బండ పక్కన ఆగాను. వెనక్కి చూస్తే బియ్యం మూటను ఈడ్చినట్టు మంచులో పొడుగ్గా నా చార. సహాయకుడు దిగొచ్చి, నా చేతులు కాళ్ళు కదిలించి చూసి, బాగుందని నవ్వాడు. నేనూ నవ్వాను. నడుము, పక్కటెముకలు మండుతున్నాయి గానీ, పైన ఆమె నడుస్తోంది అనుకుంటే ఆ మంట కూడా బాగానే ఉంది.

గుడిసె ఆ బండ వెనకనే ఉంది. సహాయకుడు పొయ్యి వెలిగించి టీ పెట్టాడు, కూర్చోమన్నాడు. జీవితంలో మొదటిసారి నాకు కూర్చోబుద్ధి కాలేదు. గుడిసె ముందుకు వస్తాను, బండ అడ్డు, గట్టు కనిపించదు. బండ చుట్టి పోతాను, గట్టు కనిపిస్తుంది, మనుషులు కనిపించరు. మళ్ళీ గుడిసె. ఒకసారి మూడోదాని మీద చీమలంత మనుషులు కనిపించారు. లెక్కపెట్టుకునేలోగా మబ్బు దిగింది. ఇప్పుడు నాలుగోదానికి పోతూ ఉంటారు, ఇప్పుడు సన్నటి చోట ఉంటారు, ఇప్పుడు దాటి ఉంటారు. ఫోన్లకు సిగ్నల్ లేదు. ఉన్నా ఎవరికి చేస్తాను. పడిపోయిందేమో అని ఒక ఆలోచన. నేనే కదా ఇచ్చి పంపింది అని ఇంకోటి. అయిదోది ఎక్కేసి ఉంటుంది అని మళ్ళీ నాకు నేనే చెప్పుకునేవాణ్ణి. సహాయకుడు నా టీ చల్లారిందని రెండుసార్లు వేడిచేసి, మూడోసారి తనే తాగేశాడు.

వాళ్ళు రావాల్సింది గట్టు కొసనున్న దారిలో. నేను అటే చూస్తున్నాను. కానీ మనుషులు అటు పక్క నుంచి కాదు, నాలుగుకూ అయిదుకూ నడుమనుండే వాలులోంచి మబ్బు చీల్చుకొని వచ్చారు. ఇద్దరే. ముందర రెండో సహాయకుడు, వెనక అక్క. ఆ నడక నాకు తెలీదా. మంచు ఎగజిమ్ముకుంటూ, దాదాపు పరుగులా దిగుతోంది.

నన్ను చూసి ఆగింది. తర్వాత నడిచొచ్చి, నా గడ్డం పట్టి ముఖం అటూ ఇటూ తిప్పి, కనురెప్ప లాగి చూసి, పక్కటెముకలు ఒక్కోటీ నొక్కింది. ఒకచోట నేను అబ్బా అన్నాను. విరగలేదు అంది. అయినా ఇంకోసారి మొదట్నించి నొక్కి చూసింది.  అప్పుడు వంగి ముళ్ళు విప్పి, మంచు దులిపి, రెండూ కలిపి మడిచి నా చేతిలో పెట్టింది.

"అయిదోది?" అన్నాను.

పోలేదంది. నాలుగోదాని మీద నిలబడినప్పుడు కింద మబ్బు కాసేపు తొలిగిందట. నేను దిగిన వాలు మొత్తం కనిపించిందట. పొడుగ్గా జారిన చార, దాని కొసన బండ, ఆ తర్వాత ఎవరూ లేరు. బండ వెనక గుడిసె ఉందని, వాళ్ళు అక్కడే ఉంటారని గైడు చెప్పాడట. హౌ అని, సహాయకుణ్ణి తోడు ఇమ్మని, అక్కణ్ణుంచి తిరిగిందట.

నాకు వచ్చిన కోపం ఇంతా అంతా కాదు. అంతవరకూ ఆమె బతికి వస్తే చాలనుకున్నవాణ్ణి, బతికొచ్చిన మనిషి మీద అరిచాను. గద్వాల, టికెట్టు, డెంగీ అన్నీ వరసబెట్టి అరిచాను. ఈసారి మా మూలంగా వెనక్కి తిరగకూడదని కదా నేను ఇంత దూరం వచ్చింది. ఎముకలు విరగ్గొట్టుకోవడానికి కూడా తయారై దిగింది దేనికి. ఇచ్చింది నాలుగింటికి కాదు, అయిదింటికి. సహాయకులిద్దరూ గుడిసెలోకి తప్పుకున్నారు. అక్క నన్ను అరవనిచ్చింది. అరిచీ అరిచీ నాకే దగ్గొచ్చింది.

"అయిదోదాని మీదికి పోయి ఏం సూడల్లరా?" అంది. "కిందికే కదా సూసేది. కింద నువ్వు ల్యాకపోతే?"

ఉన్నాను కదా అన్నాను. అప్పుడు తెలీదు కదా అంది.

కాసేపటికి పుణె కుర్రాళ్ళు, గైడు అసలు దారిలో కేరింతలు కొడుతూ వచ్చారు. నాలుగోదే కష్టమట, అక్కణ్ణుంచి అయిదోది అంతా చదునట, పార్కులో నడిచినట్టు ఉందట. ఆంటీ ఇంకో అరగంట ఉంటే అయిపోయేది అని ఒక కుర్రాడు ప్రేమగానే అన్నాడు. నేను గైడును పట్టుకున్నాను. రేపు మళ్ళీ పోదాం, నేను ఈ గుడిసెలోనే కదలకుండా కూర్చుంటా, మా అక్కను ఒక్కదాన్నే తీసుకుపొమ్మన్నాను. ఆయన ఆకాశం చూపించాడు. రేపట్నించి మంచు కురుస్తుంది, ఇక ఈ ఏడాదికి ఇంతే అన్నాడు.

అక్క అప్పటికే ఒక కుర్రాడి బూటు విప్పించి వాడి మడమకు కట్టు కడుతోంది. నేను పోయి ఎదురుగా నిలబడ్డాను. ముళ్ళు ఇంకా నా చేతిలోనే ఉన్నాయి. ఏడుపు ఆపుకోలేకపోయాను. నీకు ఒక్కటంటే ఒక్కటి ఇచ్చినా, అదీ పూర్తిగా వాడుకోకపోతివి, చీర ఆయమ్మకు ఇచ్చినట్టే దాన్నీ తిరిగిస్తివి అన్నాను. ఆమె కట్టు ముడి వేసి, కుర్రాడి కాలు కింద పెట్టి, నా వైపు చూసింది. నవ్వలేదు, కోప్పడలేదు.

"ఎన్నడన్నా నీ కాడ అడిగి తీసుకున్నానారా నేను? ఈపొద్దు అడిగినా. నువ్వు ఇస్తివి. రెండు కొండలు తొక్కినా దాంతో. నాకు అది సాలు."

లేచి, ఇంకెవరికి బొబ్బలున్నాయో చూడటానికి పోయింది. ఆమెకు చాలిందేమో. నాకు చాలలేదు, ఇప్పటికీ చాలడం లేదు.